మానవ హక్కు ఎప్పుడు ప్రాథమిక హక్కు అవుతుంది?

ఏటా డిసెంబరు 10న మానవ హక్కుల దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు సభల్లోనూ పత్రికల్లోనూ మానవ హక్కులు, ప్రాథమిక హక్కులు, రాజ్యాంగ హక్కులు అనే మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటారు. వేదిక మీద మాట్లాడేటప్పుడు దానివల్ల నష్టమేమీ లేదు. ఠాణాలో దెబ్బలు తిన్న మనిషికి, బడి లేని ఊళ్లో పిల్లను చదివించాలనుకునే తండ్రికి, కువైట్‌లో పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుపోయిన పనిమనిషికి మాత్రం ఆ తేడా చాలా పెద్దది. ఎవరి దగ్గరికి వెళ్లాలి, వెళితే వాళ్లు ఏం చేయగలరు, చేయకపోతే ఆ పైన ఎవరున్నారు అనే మూడు ప్రశ్నలకూ జవాబు ఆ తేడాలోనే ఉంది.

క్లుప్తంగా

1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన ఒక తీర్మానమే తప్ప, దాన్ని పట్టుకుని భారతీయ న్యాయస్థానంలో నేరుగా కేసు వేయడానికి వీలులేదు. అందులోని హక్కు మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు చెప్పే మూడో భాగంలోకో, పార్లమెంటు చేసిన చట్టంలోకో, న్యాయమూర్తుల వ్యాఖ్యానంలోకో ప్రవేశించినప్పుడే అమలుకు అర్హమవుతుంది. గోప్యత, విద్య, నష్టపరిహారం ఇలా వచ్చినవే. మానవ హక్కుల కమిషన్లు సిఫార్సు చేయగలవు కానీ శిక్షించలేవు. పౌరసత్వం లేని చోట హక్కు సంగతి ఇంకా క్లిష్టం.

ఒక రోజు తేడాతో రెండు సభలు

1948 డిసెంబరు 9న ఢిల్లీలో రాజ్యాంగ సభ ముసాయిదాలోని 25వ అధికరణం మీద చర్చించింది. ప్రస్తుత రాజ్యాంగంలో దాని సంఖ్య 32. ప్రాథమిక హక్కుకు భంగం కలిగినవారు నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించవచ్చని, ఆ ఆశ్రయించడమే ఒక ప్రాథమిక హక్కని అది చెబుతుంది. రాజ్యాంగం మొత్తంలో ముఖ్యమైన అధికరణం ఏదని అడిగితే దీన్నే చూపిస్తానని, రాజ్యాంగానికి ఆత్మా హృదయమూ ఇదేనని అంబేడ్కర్ ఆ రోజే అన్నారు.

మర్నాడు పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 30 అధికరణాల సార్వత్రిక ప్రకటనను ఆమోదించింది. అప్పటి సభ్యదేశాలు 58. అనుకూలంగా 48 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటీ రాలేదు, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఆ ఎనిమిదిలో ఆరు సోవియట్ యూనియన్, తూర్పు యూరప్ కమ్యూనిస్టు ప్రభుత్వాలు. మిగిలిన రెండూ సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా. జాతి వివక్షను ప్రభుత్వ విధానంగా అదే ఏడాది తలకెత్తుకున్న దక్షిణాఫ్రికా, మనుషులంతా సమానమని చెప్పే పత్రానికి చేయి ఎత్తలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. భారత్ అనుకూలంగా ఓటు వేసింది. అంతకన్నా చెప్పుకోదగ్గది మరొకటి ఉంది. మొదటి అధికరణం ముసాయిదాలో మనుషులను సూచించడానికి పురుషవాచకం ఉండగా, భారత ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టి దాన్ని మానవులందరూ అని మార్పించారు.

ఈ రెండు సభలు చేసిన పని ఒకటి కాదు. పారిస్ సభ ఏవి హక్కులో చెప్పింది. ఢిల్లీ సభ, హక్కుకు భంగం కలిగితే ఎవరిని అడగాలో చెప్పింది. సార్వత్రిక ప్రకటన ఒడంబడిక కాదు, దాని మీద ఏ దేశమూ సంతకం చేయలేదు, దాన్ని అమలు చేసే న్యాయస్థానమూ లేదు. రాజ్యాంగం గానీ చట్టం గానీ ఇచ్చిన హక్కులకు భంగం కలిగితే జాతీయ న్యాయస్థానాల ద్వారా సరైన పరిహారం పొందే హక్కు ఉందని దాని 8వ అధికరణమే చెబుతుంది. అంటే తలుపు తట్టే చోటు ఎక్కడుండాలో తేల్చే పనిని ఆ పత్రమే ఆయా దేశాలకు వదిలిపెట్టింది.

తర్వాత 1966లో ఆ ప్రకటనను రెండు ఒడంబడికలుగా విడదీశారు. పౌర, రాజకీయ హక్కులు ఒకదానిలోకి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులు మరొకదానిలోకి వెళ్లాయి. వాక్ స్వాతంత్ర్యం ముందా, తిండి ముందా అనే ప్రచ్ఛన్నయుద్ధ కాలపు తగవు ఆ విభజనలో కనిపిస్తుంది. మన రాజ్యాంగం 1950లోనే ఆ పని చేసేసింది. మొదటి రకం మూడో భాగంలో ప్రాథమిక హక్కులుగా, రెండో రకం నాలుగో భాగంలో ఆదేశిక సూత్రాలుగా చేరాయి. రెండోవాటి కోసం కోర్టుకు వెళ్లడం కుదరదని 37వ అధికరణం స్పష్టం చేసింది.

తొలగించిన ఒక పదబంధం

జీవించే హక్కు, స్వేచ్ఛ, భద్రత ప్రతి మనిషికీ ఉన్నాయని సార్వత్రిక ప్రకటన 3వ అధికరణం, ఎవరినీ ఇష్టానుసారం నిర్బంధించరాదని 9వ అధికరణం చెబుతాయి. మన రాజ్యాంగంలో వీటికి దగ్గరగా నిలిచేది 21వ అధికరణం: చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం తప్ప ఏ వ్యక్తి ప్రాణాన్ని గానీ వ్యక్తిగత స్వేచ్ఛను గానీ హరించరాదు. వినడానికి రెండూ ఒకటే. చట్టం నిర్దేశించిన పద్ధతి అనే మాటలోనే చిక్కంతా ఉంది.

తొలి ముసాయిదాలో ఆ మాట లేదు. అమెరికా రాజ్యాంగంలోని డ్యూ ప్రాసెస్ అనే భావన ఉంది. ఆ భావన ప్రకారం చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం న్యాయంగా కూడా ఉండాలి, ఉందో లేదో తేల్చేది న్యాయమూర్తి. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు 1947లో అమెరికా వెళ్లినప్పుడు అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్, ఇంత అధికారం కోర్టుకు ఇవ్వడం ప్రజాస్వామ్యానికీ మంచిది కాదు, కోర్టుకూ భారమే అని హెచ్చరించారు. దాంతో ముసాయిదా సంఘం ఆ భావనను వదిలేసి జపాన్ రాజ్యాంగం నుంచి ఇప్పటి మాటను తీసుకుంది. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ సభలో ఈ మార్పును గట్టిగా సమర్థించారు. న్యాయమూర్తుల చేతికి అంత అధికారమిస్తే సంఘసంస్కరణ చట్టాలను వారు అడ్డుకుంటారన్నది ఆయన భయం. అమెరికాలో కార్మిక చట్టాలను కోర్టులు ఒకప్పుడు ఎలా కొట్టేశాయో తెలిసినవారికి అది వట్టి భయమని కొట్టేయడం కష్టం. కె.ఎం.మున్షీ వంటివారు ఎదురు వాదించారు. అంబేడ్కర్ రెండు వైపులా ప్రమాదం ఉందని చెప్పి, నిర్ణయాన్ని సభకే వదిలారు. 1948 డిసెంబరు 13న సభ కొత్త మాటకే ఆమోదం తెలిపింది. అంటే ఇష్టానుసార నిర్బంధం కూడదని పారిస్‌లో ప్రకటించిన మూడో రోజునే, చట్టం ఉంటే నిర్బంధించవచ్చని ఢిల్లీలో తేలింది.

సభ్యుల అసంతృప్తి మాత్రం చల్లారలేదు. దాన్ని పూరించడానికి అంబేడ్కర్ 1949 సెప్టెంబరులో ఇప్పటి 22వ అధికరణాన్ని తెచ్చారు. అరెస్టుకు కారణం చెప్పాలి, న్యాయవాదిని కలవనివ్వాలి, 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి అనే రక్షణలు అక్కడివే. అయితే అదే అధికరణం ముందస్తు నిర్బంధాన్ని గుర్తించి, ఆ రక్షణలు దానికి వర్తించవని కూడా రాసింది. యుద్ధం, అత్యవసర పరిస్థితి లేని మామూలు రోజుల్లో సైతం నేరం చేయకముందే మనిషిని నిర్బంధించే అధికారాన్ని ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే రాసుకున్న ప్రజాస్వామ్య దేశాలు అరుదు.

ఫలితం వెంటనే కనిపించింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి నెల తిరిగేసరికి, 1950 ఫిబ్రవరిలో, పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టం చేసింది. మద్రాసు రాష్ట్రంలో జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్ దాన్ని సవాలు చేస్తే, చట్టం ఉంది, అందులో ఒక పద్ధతి ఉంది, అది న్యాయమైనదా కాదా అని చూడటం మా పని కాదని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. జస్టిస్ ఫజల్ అలీ విభేదించారు. ఆయన మాట నెగ్గడానికి 28 ఏళ్లు పట్టింది. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో, ఆ పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండాలని, ఇష్టారాజ్యంగా ఉంటే అది పద్ధతే కాదని కోర్టు తేల్చింది. 1948లో ముసాయిదా నుంచి బయటకు పంపిన భావన వ్యాఖ్యానం రూపంలో వెనక దారిన లోపలికి వచ్చింది.

మధ్యలో 1976 ఉంది. అత్యవసర పరిస్థితిలో 21వ అధికరణం అమలును నిలిపివేసినప్పుడు, అక్రమంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ (నిర్బంధితుడిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేసే వీలు లేదని సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో 4:1 మెజారిటీతో తీర్పునిచ్చింది. అసమ్మతి తెలిపిన జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా, సార్వత్రిక ప్రకటనలోని 8, 9 అధికరణాలను ఉటంకిస్తూ, రాజ్యాంగానికి రెండు అర్థాలు చెప్పే వీలున్నప్పుడు ప్రకటనకు పొసగే అర్థాన్నే తీసుకోవాలన్నారు. ప్రకటన అక్కడ గెలవలేదు, కానీ భారతీయ న్యాయస్థానంలో దానితో ఏ పని చేయవచ్చో ఆ అసమ్మతి చూపించింది. 1978 నాటి 44వ సవరణతో 20, 21 అధికరణాలను అత్యవసర పరిస్థితిలోనూ నిలిపివేయడానికి వీల్లేకుండా పోయింది. 1976 మెజారిటీలో ఉన్న జస్టిస్ వై.వి.చంద్రచూడ్ తీర్పును 2017లో తప్పని కొట్టేసిన ధర్మాసనంలో ప్రధాన తీర్పు రాసింది ఆయన కుమారుడే.

ఆ 44వ సవరణలోనే, నిర్బంధం సరైనదో కాదో పరిశీలించే సలహామండలి అభిప్రాయం లేకుండా ముందస్తు నిర్బంధంలో ఉంచే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించే భాగం ఉంది. పార్లమెంటు ఆమోదించిన ఆ భాగాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. దీని ప్రభావం తెలుగు నేలకు దూరమైనది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన, ఇప్పుడు తెలంగాణలో కొనసాగుతున్న పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం కింద గరిష్ఠంగా 12 నెలలు నిర్బంధించవచ్చు. నిర్బంధితుడికి సలహామండలి ముందు న్యాయవాదిని పెట్టుకునే హక్కు లేదు. శాంతిభద్రతల సమస్య వేరు, ప్రజాజీవనానికి భంగం వేరు అన్న తేడా చూడకుండా, మామూలు నేరచట్టం సరిపోయే చోట ఈ చట్టాన్ని ప్రయోగించడం తెలంగాణలో హానికరమైన ధోరణిగా మారిందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. బెయిలు వచ్చిన మనిషిని మళ్లీ లోపలే ఉంచడానికి పీడీ ఉత్తర్వు ఒక సులువైన మార్గం అయిపోవడమే ఇక్కడి అసలు సమస్య.

సంతకం చేస్తే చట్టమైపోతుందా?

భారత్ 1979 ఏప్రిల్ 10న రెండు ఒడంబడికల్లోనూ చేరింది. చేరగానే అవి దేశీయ చట్టాలు కావు. అంతర్జాతీయ ఒప్పందం భారతీయ కోర్టులో చెల్లాలంటే 253వ అధికరణం కింద పార్లమెంటు విడిగా చట్టం చేయాలి. 1980లో కొచ్చిన్ బ్యాంకు అప్పు తీర్చలేక జైలు ముప్పు ఎదుర్కొన్నవారి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సూత్రాన్ని ఒప్పుకుంటూనే, అప్పు తీర్చలేకపోవడం ఒక్కటే కారణంగా జైలుకు పంపరాదన్న పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 11వ అధికరణపు వెలుగులో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను చదివారు. స్తోమతు ఉండీ ఎగ్గొట్టేవాడికి, చేతిలో పైసా లేనివాడికి తేడా చూడాల్సిందేనన్నారు. 1997లో విశాఖా అనే మహిళా సంస్థ కేసులో కోర్టు ఇంకో అడుగు వేసింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద చట్టమే లేదు కాబట్టి, ఆ ఖాళీని మహిళల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడికతో పూరించి మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేయడానికి మరో 16 ఏళ్లు, అంటే 2013 దాకా, పట్టింది.

చేరేటప్పుడు దేశాలు కొన్ని షరతులు పెట్టుకోవచ్చు. అక్రమ అరెస్టుకు గురైనవారికి నష్టపరిహారం పొందే హక్కు ఉందన్న ఒడంబడిక 9వ అధికరణం 5వ క్లాజు తమకు వర్తించదని భారత్ చెప్పింది. మన చట్టంలో అలాంటి హక్కు లేదన్నది దాని వాదన. ఆ లేని హక్కు తర్వాత ఎలా పుట్టిందన్నది ఈ విషయమంతటిలో ఆసక్తికరమైన ఘట్టం, అందులో ఒక ముఖ్యమైన కేసు రాయలసీమది.

1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో రిమాండు ఖైదీలుగా ఉన్న తండ్రీకొడుకుల మీద ప్రత్యర్థులు జైల్లోకే వచ్చి బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. తమకు ప్రాణభయం ఉందని వారు ముందే చెప్పుకున్నా తగిన కాపలా పెట్టలేదన్నది దావా. ప్రభుత్వం తన పాత ఆయుధమైన సార్వభౌమ రక్షణ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చింది: జైళ్లు నడపడం సార్వభౌమ విధి, అందులో సిబ్బంది అజాగ్రత్తకు ప్రభుత్వం బాధ్యత వహించదు. పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని ఒక పోలీసు ఉద్యోగే కాజేసినా ప్రభుత్వం బాధ్యత వహించనక్కర్లేదని 1965లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టు అదే సిద్ధాంతం మీద చెప్పి ఉంది కూడా. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1989లో ఈ వాదనను తోసిపుచ్చింది. 21వ అధికరణం కింద ఉన్న ప్రాణహక్కును హరించినప్పుడు బ్రిటిష్ రాజు కాలపు ఆ సిద్ధాంతం అడ్డురాదని చెప్పి, 1,44,000 రూపాయల పరిహారం ఇప్పించింది. 2000లో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడన్నది ఆ తీర్పులోని సారం.

ఈలోగా 1983లో, నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు బీహార్ జైల్లో మగ్గిన మనిషికి సుప్రీంకోర్టు రిట్ (ప్రాథమిక హక్కు కోసం నేరుగా వేసే పిటిషన్) విచారణలోనే డబ్బు ఇప్పించింది. 1993లో ఒడిశాలో పోలీసు కస్టడీలో ఉండగా చనిపోయి రైలు పట్టాల మీద తేలిన యువకుడి తల్లికి లక్షన్నర ఇప్పిస్తూ, ఇది మామూలు సివిల్ దావా కాదని, ప్రాథమిక హక్కు భంగానికి రాజ్యాంగం కింద ఇచ్చే పరిహారమని వివరించింది. 1996లో, కస్టడీ హింస మీద వచ్చిన డి.కె.బసు కేసులో, ఒడంబడికకు పెట్టిన ఆ పాత షరతుకు ఇక అర్థం లేదని తేల్చేసింది. ప్రభుత్వం అధికారికంగా ఉపసంహరించుకోని షరతును కోర్టు వాడుకలో లేకుండా చేసింది. అయితే ఈ మొత్తాలు ఎలా లెక్కకట్టారో, ఎందుకు ఇంతేనో చెప్పే సూత్రం ఎక్కడా లేదు. న్యాయమూర్తి విచక్షణే ఆధారం కావడంతో ఒకే రకం ఘటనలకు వేర్వేరు పరిహారాలు వస్తున్నాయి.

యూరప్‌తో పోల్చి చూస్తే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. 1950 నాటి యూరోపియన్ ఒప్పందంలోని దేశాల్లో ఉండేవారు సొంత దేశంలోని కోర్టులన్నీ ఎక్కి దిగాక స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానానికి వెళ్లవచ్చు. ఆసియాకు అలాంటి ఉమ్మడి న్యాయస్థానం లేదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక కింద ఐక్యరాజ్యసమితి కమిటీకి వ్యక్తులే ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఒకటున్నా, దానికి వీలు కల్పించే అదనపు ఒప్పందంలో భారత్ చేరలేదు. చిత్రహింసల నిషేధ ఒప్పందం మీద 1997లో సంతకం చేసి ఇంతవరకు ధ్రువీకరించలేదు. కాబట్టి భారతీయుడికి సుప్రీంకోర్టే చివరి గడప.

రాజ్యాంగంలో లేని హక్కులు వచ్చిన దారి

ఎవరి కుటుంబ జీవితంలోనూ, ఇంట్లోనూ, ఉత్తరాల్లోనూ ఇష్టానుసారం జోక్యం కూడదని సార్వత్రిక ప్రకటన 12వ అధికరణం చెబుతుంది. మన రాజ్యాంగంలో గోప్యత అనే మాటే లేదు. 1962లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖడక్ సింగ్ అనే వ్యక్తి కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన అతని పేరిట పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి, అర్ధరాత్రి తలుపు తట్టి ఉన్నాడో లేడో చూసుకునేవారు. రాత్రి సోదాలు చెల్లవని కోర్టు కొట్టేసింది కానీ, మిగతా నిఘాను సమర్థిస్తూ, గోప్యత మన రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదంది. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి విభేదించారు. రాజ్యాంగం గోప్యతను పేరు పెట్టి చెప్పకపోయినా వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయలేని భాగమని, అడుగడుగునా కళ్లు వెంటాడుతుంటే తిరిగే స్వేచ్ఛ ఉన్నా లేనట్టేనని ఆయన వాదన. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెబుతూ, సుబ్బారావు అభిప్రాయమే సరైనదని ఒప్పుకుంది. దాదాపు 55 ఏళ్ల తర్వాత.

మధ్యలో మరో తెలుగు తీర్పుంది. విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే వీలిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్, స్త్రీ శరీరం మీద ఆమెకున్న హక్కును హరిస్తుందని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ.చౌదరి కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ అభిప్రాయాన్ని తిరస్కరించింది. 2017 తీర్పు తర్వాత మాత్రం చౌదరి తర్కం మళ్లీ చర్చలోకి వచ్చింది.

విద్యాహక్కు వచ్చిన దారి వేరు. 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల మీద మొదలైంది. తీర్పులో చిరకాలం నిలిచింది మాత్రం వేరొకటి: 14 ఏళ్ల వరకు ఉచిత విద్య ప్రాథమిక హక్కు. ఆదేశిక సూత్రాల్లో నలభై ఏళ్లకు పైగా ఉండిపోయిన 45వ అధికరణాన్ని కోర్టు 21వ అధికరణంలోకి చదివింది. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. ఫీజుల మీద ఆ కేసులో పెట్టిన పథకాన్ని మాత్రం 2002లో పెద్ద ధర్మాసనం రద్దు చేసింది. ఇంజినీరింగ్ ఫీజుల గొడవ నేటికీ సాగుతుండటానికి ఒక మూలం అక్కడుంది.

పనిహక్కు ఇంకో తరహాది. కోర్టు చెప్పలేదు, రాజ్యాంగ సవరణ రాలేదు. 2005లో పార్లమెంటు చట్టం చేసి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హామీ ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. ఇలాంటి హక్కు బలమూ బలహీనతా ఒకచోటే ఉన్నాయి. ఎన్ని రోజులు, ఎంత కూలి, ఎన్నాళ్లలో చెల్లించాలి అని వివరంగా రాయవచ్చు. రాసిన దాన్ని మరో ప్రభుత్వం సాధారణ మెజారిటీతో మార్చనూవచ్చు. 1948లో తటస్థంగా నిలిచిన దక్షిణాఫ్రికా, జాతి వివక్ష కూలాక 1996లో రాసుకున్న రాజ్యాంగంలో గృహవసతి, ఆరోగ్యం, ఆహారం వంటివాటిని నేరుగా హక్కులుగా చేర్చింది. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2000లో ఇల్లులేనివారి కేసులో, ప్రతివారికీ రేపే ఇల్లు కట్టివ్వమనలేదు. అత్యంత అవసరంలో ఉన్నవారిని విస్మరించే గృహపథకం సమంజసం కాదంటూ ప్రభుత్వ ప్రణాళికను తప్పుపట్టింది. ఖర్చుతో ముడిపడిన హక్కులను కోర్టులు ఎంతవరకు తేల్చగలవన్న ప్రశ్నకు ఇది మన పద్ధతికన్నా నిలకడైన జవాబుగా కనిపిస్తుంది.

కమిషన్ చేయగలిగింది, చేయలేనిది

1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం జాతీయ, రాష్ట్ర కమిషన్లను ఏర్పరచింది. ఆ చట్టం ప్రకారం మానవ హక్కులంటే రాజ్యాంగం హామీ ఇచ్చిన, లేదా అంతర్జాతీయ ఒడంబడికల్లో ఉండి భారతీయ కోర్టుల్లో అమలు చేయదగిన, ప్రాణం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవాలకు చెందిన హక్కులు. ఆ చివరి షరతుతో నిర్వచనం తిరిగి తిరిగి కోర్టు గుమ్మం దగ్గరికే వచ్చింది.

కమిషన్ సాక్షులను పిలవగలదు, రికార్డులు తెప్పించుకోగలదు, జైళ్లను తనిఖీ చేయగలదు. విచారణ ముగిశాక 18వ సెక్షన్ కింద పరిహారం ఇవ్వమనో, అధికారిపై చర్య తీసుకోమనో సిఫార్సు చేస్తుంది. ప్రభుత్వం వినకపోతే హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లవచ్చు. తానుగా శిక్షించలేదు, సస్పెండ్ చేయలేదు. ఘటన జరిగి ఏడాది దాటితే ఫిర్యాదు తీసుకోదు. సైనిక బలగాల విషయంలో కేంద్రం నుంచి నివేదిక కోరడం దాకానే దాని పరిధి. హక్కుల భంగం కేసులను త్వరగా తేల్చడానికి జిల్లాల్లో సెషన్స్ కోర్టులను మానవ హక్కుల కోర్టులుగా ప్రకటించే 30వ సెక్షన్ ఉంది గానీ, ఆ కోర్టు ఏ నేరాలను, ఏ పద్ధతిలో విచారించాలో చట్టం చెప్పకపోవడంతో అది చాలాచోట్ల బోర్డుకే పరిమితమైంది.

కమిషన్లు పనికిరానివన్న ముగింపు మాత్రం తొందరపాటే అవుతుంది. ఎన్‌కౌంటర్ మరణాల మీద ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదులను విచారించిన జాతీయ కమిషన్, 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. చనిపోయినవారి మీదే కేసు పెట్టి మూసేసే ఆనవాయితీ చెల్లదని, పోలీసులే పాల్గొన్న ఘటనను అదే స్టేషన్ దర్యాప్తు చేయకూడదని చెప్పింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో పోలీసుల చేతిలో మరణం సంభవిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అనేది దర్యాప్తులో, విచారణలో తేలాల్సిన విషయమని తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. 2014లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో తానే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. సిఫార్సుగా మొదలైన మాట పదిహేడేళ్లకు దేశమంతటికీ వర్తించే ఆదేశమైంది.

సిఫార్సు చేసే సంస్థకు సభ్యులే లేకపోతే ఆ మాత్రం కదలికా ఉండదు. తెలంగాణ కమిషన్ 2022 చివరి నుంచి 2025 వరకు ఛైర్మన్ లేకుండా ఉండిపోయింది. ఏడాది గడువు నియమానికి ఈ ఖాళీని కలిపి చూస్తే దాని బరువు తెలుస్తుంది.

పౌరుడు కాని మనిషి

మన రాజ్యాంగం ఒక సున్నితమైన గీత గీసింది. వాక్ స్వాతంత్ర్యం, సంఘాలు పెట్టుకోవడం, నచ్చిన చోట నివసించడం వంటి 19వ అధికరణపు స్వేచ్ఛలు పౌరులకే. సమానత్వం చెప్పే 14, ప్రాణం చెప్పే 21 మాత్రం ఏ వ్యక్తికైనా వర్తిస్తాయి. అరుణాచల్ ప్రదేశ్‌లో స్థిరపడిన చక్మా శరణార్థులను వెళ్లగొట్టే ప్రయత్నాలు జరిగినప్పుడు, 1996లో సుప్రీంకోర్టు ఆ గీత ఆధారంగానే వారి ప్రాణాలకు రక్షణ కల్పించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. ఆ కేసు వేసింది జాతీయ మానవ హక్కుల కమిషన్.

అదే గీతకు అవతల వైపున తెలుగువారు ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కార్మికులకు అక్కడ పౌరసత్వం రాదు, మన 32వ అధికరణం అంత దూరం చేరదు. ఏ దేశాన్నయినా వదిలి వెళ్లే హక్కు, తిరిగి స్వదేశానికి రాగలిగే హక్కు ఉన్నాయని సార్వత్రిక ప్రకటన 13వ అధికరణం చెబుతుంది. వెళ్లే హక్కును 1967లో సుప్రీంకోర్టు వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమంది, ఆ తీర్పు రాసిందీ అప్పటి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావే. తిరిగి రావడం మాత్రం కఫీల్ (వీసాకు పూచీ ఉండే యజమాని) చేతుల్లో ఉంటుంది. వలస కార్మికుల హక్కుల మీద 1990లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో గల్ఫ్ దేశాలూ చేరలేదు, భారతూ చేరలేదు. పంపేవారు, రప్పించుకునేవారు ఇద్దరూ ఆ పత్రానికి బయటే ఉన్నారు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో కువైట్ 1996లో, ఖతార్ 2018లో చేరినా, సౌదీ అరేబియా, యూఏఈ చేరలేదు.

కాబట్టి అక్కడి కార్మికుడికి పనికొచ్చేది ఆ దేశపు సొంత చట్టమే. కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం విడిగా చట్టం చేసింది. వారపు సెలవు, పని గంటలకు పరిమితి ఇచ్చింది, యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదని రాసింది. ఖతార్ 2020లో ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి అక్కర్లేదని ప్రకటించింది. అయితే హక్కును అడగడానికి పనిమనిషి ముందుగా ఇంటి గేటు దాటాలి. అనుమతి లేకుండా దాటితే యజమాని పరారీ కేసు పెట్టవచ్చు, పెడితే అకామా (నివాస అనుమతి) పోతుంది, అక్కడి తెలుగువాళ్ల మాటల్లో ఆమె కల్లివెల్లి, అంటే పత్రాలు లేని మనిషి, అవుతుంది. ఫిర్యాదు చేసే విభాగం నగరంలో ఉంటుంది, ఆమె దగ్గర ఫోను ఉండకపోవచ్చు, పాస్‌పోర్టు మాత్రం యజమాని బీరువాలోనే ఉంటుంది.